గాడిదల వంతెన

కృష్ణ మీద రైలు వంతెనకు దిమ్మెలు లేస్తున్న ఏడు
బెజవాడ మిషను హైస్కూల్లో నేను లెక్కల అసిస్టెంటును.
జీతం పద్దెనిమిది రూపాయలు.
గొడుగు నా సొంతం, నల్లబల్ల దొరగారిది.

రేఖాగణితం, మొదటి భాగం, అయిదో సిద్ధాంతం:
రెండు భుజాలు సమానమైతే
వాటి కింది కోణాలూ సమానమే.
సీమలో దీన్ని గాడిదల వంతెన అంటారట.
దాటలేనివాడు ఇవతలే గడ్డి మేస్తాడని
దొరగారు నవ్వుతూ చెప్పారు.
నవ్వాలని తెలిసి మేమూ నవ్వాం.

నా పిల్లలకు వంతెన అక్కర్లేదు, గొంతుంది.
వీధిబడి అరుగు మీద, కోదండం నీడలో
వీసాలూ పరకలూ వల్లించిన గొంతు.
ఏ, బీ, సీ ఒక త్రిభుజం అని ఇంగ్లీషులో ఎత్తుకుంటే
క్యూ.ఇ.డి. దాకా ఊపిరి తీసుకోరు.
ఖాసిం తల ఊపుతూ, ఇజ్రాయేలు కళ్లు మూసుకుని.
వీరరాఘవులైతే కామాలు కూడా పలికేవాడు.
అర్థమా?
దానికి మార్కులు లేవు.
నేనూ అలాగే పాసయ్యాను మరి.

మార్గశిరంలో పడవెక్కి బందరు వెళ్లాం, పరీక్షకు.
పదకొండు మంది పిల్లలు, చద్దిమూటలు, ఒక లాంతరు.
కాలవ పొడుగునా అయిదో సిద్ధాంతమే.
తెల్లారేసరికి గెడ వేసేవాడికి కూడా సగం వచ్చేసింది.

చెన్నపట్నం నుంచి సీలు వేసి వచ్చిన కాగితంలో
అదే అడిగారు.
అదే బొమ్మ, అవే భుజాలు.
అక్షరాలు మాత్రం ఏ బీ సీ కావు.
పీ, క్యూ, ఆర్.

వీరరాఘవులు బయటికొచ్చి నన్ను పట్టుకున్నాడు:
"మాస్టారూ, ఆఖర్న రావాల్సిన క్యూ
మధ్యలోకి ఎందుకొచ్చాడండీ?"

గెజిట్టులో రెండు పేర్లు పడ్డాయి.
తక్కిన తొమ్మిది ఇళ్లకూ నేనే వెళ్లి చెప్పాను.
ఖాసిం వాళ్ల నాన్న మజ్జిగ ఇచ్చాడు.
అది తాగడం కష్టమైంది.

ఎండలు ముదిరాయి. రాత్రి కూడా కొండరాయి వేడి కక్కుతోంది.
నిద్ర పట్టక తెల్లవారుజామున
ఏలూరు కాలవ గట్టున తిరుగుతున్నాను.
చెక్కల వంతెనకు ముందురోజే కొత్త పలకలు వేశారు.
నాంచారమ్మ గాడిద దాని ముందు నిలబడిపోయింది.
ఏడేళ్లుగా రోజుకు రెండుసార్లు దాటిన గాడిద.
దానికి వంతెన తెలియదు,
పాత పలకల వాసన తెలుసు.

"ఒక్కటి వెయ్యవేం?" అన్నాను. బెత్తం అలవాటు.
"కొడితే కాలవలో దూకుద్దయ్యా, వంతెనెక్కుద్దా?"
మూటలు దించింది.
తను వెళ్లి నడిమి పలక మీద కూచుని చుట్ట ముట్టించింది.
గాడిద వంగి కొత్త కర్ర వాసన చూసింది.
ఒక గిట్ట పెట్టింది. తీసింది.
చుట్ట సగం కాలేదాకా అంతే.
తరవాత దాటింది.
మూటల్లో ఒకటి నేను మోశాను.
ఎవరూ చూడలేదు. చూసే ఉంటారు.

బడి తెరిచాక నల్లబల్ల మీద త్రిభుజం గీసి ఊరుకున్నాను.
"అక్షరాలు మరిచిపోయారు మాస్టారూ."
"మీరే పెట్టండి."
ఎవరూ కదల్లేదు. పంకా తాడు కిర్రుమంటోంది.
ఎంతసేపటికో, తప్పి మళ్లీ చేరిన ఇజ్రాయేలు లేచి
పై మొనకు వాళ్లమ్మ పేరు రాశాడు.
కింద రెండు మొనలకూ వాళ్ల బండెద్దుల పేర్లు.
"రెంటికీ ఒకటే బరువండీ" అన్నాడు. "కాకపోతే బండి తిరగబడుద్ది."
అది నిరూపణ కాదు.
నేను కాదనలేదు.
దొరగారు కిటికీలోంచి చూసి, ఇదేం భాష అన్నారు.

మరుసటి గెజిట్టులో మూడు పేర్లు.
దొరగారు రిజిస్టరులో ఎర్రసిరాతో అభివృద్ధి అని రాశారు.
నా జీతం సంగతి రాయలేదు.

ఆ మూడోవాడు దాటుతుండగా నేను చూశాను.
ముందు వాసన చూశాడు.